బోరు మోటారు ఆగి ఆగి పోస్తోంది: పైకి తీయించే ముందు ఏమేమి చూసుకోవాలి?

సిద్దిపేట వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సిద్దిపేట శివారులో ఉన్న మా ఇంటి బోరు గురించి సలహా కోరుతూ ఇది రాస్తున్నాను. ఇంట్లో అమ్మానాన్నలు, మేమిద్దరం, మా పాప, మొత్తం ఐదుగురం ఉంటాము. బోరు లోతు 320 అడుగులు, వెడల్పు ఆరున్నర అంగుళాలు. ఆరేళ్ల కిందట ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారును అంగుళంపావు నల్ల పైపుతో 260 అడుగుల దగ్గర దించాము. ఇన్నేళ్లూ బటన్ నొక్కిన కొద్ది క్షణాలకే నీళ్లు వచ్చేవి, డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు 35 నిమిషాల్లో నిండేది, స్టార్టర్ పెట్టె మీది అమ్మీటరు ముల్లు 9 దగ్గర నిలకడగా ఉండేది.

మార్చి చివరి నుంచి తేడా కనిపిస్తోంది. ఉదయం మోటారు వేశాక నీళ్లు ట్యాంకులో పడటానికి నిమిషానికి పైగా పడుతోంది. కొంతసేపు బాగానే పోసి, ఆ తరువాత గాలితో కలిసి ఆగి ఆగి పోస్తోంది. అప్పుడు ముల్లు 6కూ 10కీ మధ్య ఊగుతోంది. ఇది చాలదన్నట్లు సాయంత్రం పూట వేస్తే కొన్ని రోజులు నాలుగైదు నిమిషాలకే ట్రిప్ అవుతోంది. ట్యాంకు నిండటానికి ఇప్పుడు గంటంపావు పడుతోంది.

చూడటానికి వచ్చిన మెకానిక్ పది నిమిషాలు కూడా నిలబడకుండానే మోటారు పోయిందని, పైకి తీసి వైండింగ్ (లోపలి రాగి తీగల చుట్ట) మళ్లీ చేయించాలని, లేకుంటే కొత్తది దించాలని చెప్పారు. నిరుడు మా పక్కింటివారు ఇలాగే చెబితే నమ్మి మోటారును పైకి తీయించారు. తీరా చూస్తే పోయింది స్టార్టర్ పెట్టెలోని కండెన్సర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న విద్యుత్ భాగం) మాత్రమే. అందుకే అడుగుతున్నాను. మోటారు చెడిందా, పైపు చెడిందా, బోరులోనే నీళ్లు తగ్గాయా అన్నది పైనుంచే తెలుసుకునే వీలుందా? ఎండలు ముదురుతున్నాయి, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. నీళ్లు పూర్తిగా ఆగిపోయేదాకా చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

రివైండింగ్ పనివాడు, కరీంనగర్:

నేను ఇరవై ఏళ్లకు పైగా సబ్‌మెర్సిబుల్ మోటార్ల రివైండింగ్ చేస్తున్నాను. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే వైండింగ్ కాలిందని అనుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు. వైండింగ్ కాలిన మోటారు బటన్ నొక్కగానే ఎంసీబీని (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్చిని) పడగొడుతుంది, లేదా తిరగలేక మూలుగుతుంది. చాలాసేపు ధారగా పోసి ఆ తరువాత ఆగి ఆగి పోయడం దాని లక్షణం కాదు. కాబట్టి మోటారును పైకి లాగే చైన్ పుల్లీ వాళ్లను పిలిపించే ముందు పైనుంచి చూడగలిగినవన్నీ చూడండి. 260 అడుగుల పైపును లాగి మళ్లీ దించడమంటే కూలి ఖర్చు ఒక్కటే కాదు. లాగేటప్పుడు కేసింగ్ అంచుకు కేబుల్ రాసుకుని తోలు లేచిపోవచ్చు, ఎండకు పెళుసెక్కిన పైపు మెలిక పడి పగలవచ్చు, నిక్షేపంలాంటి మోటారుకు మన చేతులతోనే కొత్త జబ్బు అంటించినవాళ్లం కావచ్చు.

బోరులోకి మనం తొంగి చూడలేము గనుక లోపలి సంగతి మనకు చెప్పేవి రెండే: అమ్మీటరు ముల్లు, ట్యాంకులో పడే ధార. వీటిని విడివిడిగా చూస్తే ఎవరైనా పొరబడతారు. కలిపి చూస్తే చాలావరకు తేలిపోతుంది. ముల్లు సున్నా నుంచి కదలకపోతే కరెంటు మోటారు దాకా చేరడం లేదు. ఫ్యూజు, స్టార్టర్ కాంటాక్టులు, కేబుల్ చూడాలి. బటన్ నొక్కగానే ముల్లు 25, 30 దాకా ఎగిరి, దిగకుండా అక్కడే ఉండి ట్రిప్ అయితే మోటారు తిరగడం మొదలుపెట్టలేదని అర్థం. అప్పుడు మోటారును మొదట కదిలించే స్టార్టింగ్ కండెన్సర్ పోయి ఉంటుంది, లేదా ఇసుక పట్టి ఇంపెల్లర్లు (పంపులో నీటిని నెట్టే చక్రాలు) బిగుసుకుని ఉంటాయి, లేదా వోల్టేజీ మరీ పడిపోయి ఉంటుంది. కండెన్సర్ మార్చడం పది నిమిషాల పని, అదీ నేల మీది పని. కనుక ముందు దాన్నే చూడాలి.

ముల్లు మామూలు కన్నా బాగా తక్కువ చూపుతూ నీళ్లు రాకపోతే, మోటారు తిరుగుతోంది కాని నీటిని ఎత్తే బరువు దాని మీద పడటం లేదు. నీటి మట్టం పంపు కిందికి జారి ఉంటుంది, లేదా మోటారుకూ పంపుకూ మధ్య ఉండే కప్లింగ్ విరిగి ఉంటుంది, లేదా ఎవరో గేట్ వాల్వ్ మూసి మరచిపోయి ఉంటారు. ముల్లు ఎప్పటిలాగే నిలకడగా ఉండి ధార మాత్రం సన్నబడితే, పంపు తన పని తాను చేస్తుండగా నీరు దారిలో కారిపోతోందని, అంటే పైపుకు చిల్లు పడిందని అనుమానించాలి. ముల్లు ఊగుతూ, దానితో పాటే ధార తెగి తెగి పడితే పంపు నీటితో పాటు గాలిని మింగుతోందని అర్థం. మీరు రాసినది ఈ చివరిదానికి సరిపోతోంది.

సాయంత్రం ట్రిప్ కావడాన్ని మాత్రం దీనితో కలిపి చూడవద్దు. అది వేరే జబ్బు కావచ్చు. సాయంత్రం ఊరంతా కరెంటు వాడే వేళకు వోల్టేజీ తగ్గుతుంది, వోల్టేజీ తగ్గితే అదే బరువును మోయడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. పైగా పెట్టె మీది వోల్ట్‌మీటరు చూపేది నేల మీద ఉన్న వోల్టేజీని మాత్రమే. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో వంద మీటర్ల దూరానికి 10 ఆంపియర్ల దగ్గర సుమారు 15 వోల్టులు దారిలోనే పోతాయి. పైన 195 చూపితే కింద మోటారుకు అందేది 180 మాత్రమే. మోటారు తిరుగుతున్నంతసేపూ పనిచేసే రన్నింగ్ కండెన్సర్ బలహీనపడినా ఇదే జరుగుతుంది: మోటారు తిరుగుతుంది, నీళ్లూ వస్తాయి, కాని ముల్లు ఉండవలసిన చోటికన్నా పైన నిలుస్తుంది, మోటారు వేడెక్కుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని చెబుతాను. రాత్రంతా మోటారు వేయకుండా ఉంచి, తెల్లవారి వేసేటప్పుడు గడియారం, 20 లీటర్ల బకెట్టు, కాగితం దగ్గర పెట్టుకోండి. బటన్ నొక్కిన తరువాత ఎంతసేపటికి నీళ్లు వచ్చాయో, అయిదో నిమిషంలో బకెట్టు ఎన్ని సెకన్లలో నిండిందో, అప్పుడు ఆంపియర్లు, వోల్టులు ఎంత ఉన్నాయో, సరిగ్గా ఎన్నో నిమిషంలో ధార తెగడం మొదలైందో రాసుకోండి. ధార తెగగానే ఆపివేయండి. ఈ మోటార్లకు చుట్టూ ఉండే నీరే చల్లదనం. నీళ్లతో నింపే రకమైతే షాఫ్టును మోసే బుష్‌లకు, థ్రస్ట్ బేరింగ్‌కు కూడా నూనె బదులు నీరే ఆధారం. నీళ్లు లేకుండా కాసేపు తిరిగినా అవి అరిగి కాలిపోతాయి. ట్యాంకు ఎలాగైనా నిండాలని గంటంపావు నడిపిస్తున్నారే, మీ మోటారుకు ఇప్పుడు జరుగుతున్న అసలు హాని అదే.

ట్రిప్ అయినప్పుడు వెంటవెంటనే రీసెట్ చేసి మళ్లీ మళ్లీ నొక్కవద్దు, ఓవర్‌లోడ్ సెట్టింగును (ఎన్ని ఆంపియర్ల దగ్గర ట్రిప్ కావాలన్న హద్దును) పెంచనివ్వవద్దు. కండెన్సర్‌ను మీరు ముట్టుకోవద్దు. మెయిన్ ఆపిన తరువాత కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత దాన్ని డిశ్చార్జి చేయించి, దాని సామర్థ్యాన్ని మైక్రోఫారడ్‌లలో కొలిచే మీటరుతో చూడమనండి.

భూజల పరిశీలకుడు, హైదరాబాద్:

పైన రాసిన పెద్దాయన మాటలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బోరు వైపు నుంచి చూడవలసినది కొంత ఉంది, అది చెబుతాను.

సిద్దిపేట ప్రాంతమంతా గ్రానైటు రాతి నేల. మన బోరు నీరు ఆ రాతిలోని పగుళ్ల నుంచి ఊరి వస్తుంది. రాయిలో ఇంకెక్కడా నీరు ఉండదు. ఒక్కో పగులు ఇచ్చే నీటికి ఒక హద్దు ఉంటుంది. మోటారు లాగే వేగం ఊట వేగం కన్నా ఎక్కువైనప్పుడు మనం వాడుకునేది అప్పటికే బోరులో నిలిచి ఉన్న నీటిని. ఆరున్నర అంగుళాల బోరులో ప్రతి అడుగుకు సుమారు ఆరున్నర లీటర్ల నీరు నిలుస్తుంది. అంటే పంపుకు పైన వంద అడుగుల నీరుంటే అది 650 లీటర్ల నిల్వ. ఈ లెక్క తెలియకపోవడం వల్లే చాలామంది, మొదటి ఇరవై నిమిషాలు ధార బాగానే ఉంది గనుక బోరులో నీళ్లకు కొదువ లేదని, తరువాత తగ్గింది గనుక మోటారు అలసిపోతోందని అనుకుంటారు. జరిగేది మరొకటి: నిల్వ అయిపోయి, పంపు ఊట మీద మాత్రమే ఆధారపడిన క్షణం నుంచి ధార తెగుతుంది. వేసిన వెంటనే నిలకడగా పోసి, రోజూ దాదాపు ఒకే సమయానికి తెగితే అది నీటి మట్టం. మొదటి నిమిషం నుంచీ ధార సన్నగానే ఉంటే అది పైపు, లేదా అరిగిన పంపు. మీరు ఎన్నో నిమిషమని రాయలేదు. దాన్ని కచ్చితంగా కొలవండి.

ఆలస్యంగా నీళ్లు రావడం పంపు తల మీద ఉండే నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి పోనివ్వని కవాటం) పనికి సంబంధించినది. అది బాగుంటే పైపులోని నీరు రాత్రంతా పైపులోనే నిలిచి ఉంటుంది, ఉదయం వేయగానే పడుతుంది. అది కారుతుంటే నీరు మెల్లగా బోరులోకి దిగిపోతుంది, తెల్లవారి మోటారు ముందుగా ఆ ఖాళీ పైపును నింపుకోవాలి. అంగుళంపావు పైపులో మీటరుకు దాదాపు 0.8 లీటరు పడుతుంది. 50 మీటర్లు ఖాళీ అయితే 40 లీటర్లు. పైపుకు చిల్లు ఉన్నా ఇలాగే ఖాళీ అవుతుంది. ఈ రెండింటినీ వేరు చేయడానికి బోరు మూత దగ్గర చెవి పెట్టి వినండి. మోటారు నడుస్తున్నంతసేపూ, ఆపిన తరువాత కాసేపూ లోపల నీరు జారిపడే చప్పుడు వినిపిస్తే పైపు చిల్లు. మోటారు ఆపి గంటలు గడిచినా సన్నగా నీరు పడే చప్పుడు వినిపిస్తుంటే అది చిల్లు కాదు; మట్టం కిందికి పోయినందువల్ల పైభాగపు పగులులోని ఊట గోడ వెంట జారుతోందన్నమాట. ఆ చప్పుడును చిల్లు అనుకుని పైపంతా మార్పించినవాళ్లను నేను చూశాను.

మట్టం కొలవడానికి దయచేసి బోరులో రాళ్లు వేయవద్దు. అవి మోటారు పక్కన ఇరుక్కుంటే ఇక దాన్ని పైకి తీయడమే గండం అవుతుంది. సన్నని జంట తీగ చివరలను ఒకదానికొకటి తగలకుండా వొలిచి, వాటికి కాస్త పైన చిన్న బరువు కట్టి, మోటారు ఆపి, బోరు మూతలోని రంధ్రం గుండా మెల్లగా దించండి. పై చివరలకు నిరోధం కొలిచే మల్టీమీటరు తగిలిస్తే తీగ నీటిని తాకిన క్షణాన మీటరు కదులుతుంది. తీగ మీద ముందే పది అడుగులకు ఒక ముడి చొప్పున గుర్తు పెట్టుకుంటే లోతు తెలిసిపోతుంది. ఉదయం వేయకముందు ఒకసారి, ధార తెగి ఆపగానే ఒకసారి, మూడు గంటల తరువాత ఒకసారి కొలవండి.

సిద్దిపేట వాసి:

మీ ఇద్దరికీ నా కృతజ్ఞతలు. చెప్పినవన్నీ ఆదివారం ఉదయం నాన్నగారితో కలిసి చేశాము. ఉదయం నీటి మట్టం నేల నుంచి 170 అడుగుల దగ్గర ఉంది. ఆరు గంటలకు బటన్ నొక్కితే ఒకటిన్నర నిమిషానికి నీళ్లు వచ్చాయి. అయిదో నిమిషంలో 20 లీటర్ల బకెట్టు 42 సెకన్లలో నిండింది. రెండుసార్లు చూశాము, రెండుసార్లూ అంతే. వోల్టేజీ 222, అమ్మీటరు 9 బదులు పదిన్నర దగ్గర నిలకడగా ఉంది. సరిగ్గా 24వ నిమిషంలో ధార తెగడం, ముల్లు ఊగడం మొదలైంది, వెంటనే ఆపేశాము. అప్పుడు తీగ దించితే మట్టం పంపు మట్టానికి, అంటే 260 దగ్గరికి వచ్చింది.

పావుగంట ఆగి మళ్లీ ఒక్క నిమిషం వేసి చూస్తే ఈసారి ఇరవై సెకన్లకే నీళ్లు వచ్చాయి. మూడు గంటల తరువాత మట్టం 195 అడుగులకు ఎక్కింది. బోరు దగ్గర చెవి పెట్టి విన్నాను. మోటారు నడిచేటప్పుడు దాని గుయ్ మనే చప్పుడు తప్ప నీరు జారే చప్పుడు లేదు. ఆపిన తరువాత కూడా ఏమీ వినిపించలేదు. సాయంత్రం వోల్టేజీ చూస్తే 190 ఉంది. సోమవారం ఎలక్ట్రీషియన్ వచ్చి రన్నింగ్ కండెన్సర్ కొలిస్తే దాని మీద 50 మైక్రోఫారడ్ అని రాసి ఉండగా మీటరు 36 చూపింది. స్టార్టింగ్ కండెన్సర్ బాగానే ఉందన్నారు.

భూజల పరిశీలకుడు, హైదరాబాద్:

ఇంత శ్రద్ధగా కొలిచినందుకు చాలా సంతోషం. మీ అంకెలతోనే బోరు సంగతి లెక్క వేయవచ్చు. 42 సెకన్లకు 20 లీటర్లంటే నిమిషానికి దాదాపు 29 లీటర్లు. అంటే మీరు మొదట చెప్పిన, 35 నిమిషాలకు వెయ్యి లీటర్ల వేగమే ఇది. కాబట్టి పంపు అరగలేదు, పైపుకు చిల్లు లేదు. మట్టం 170 నుంచి 260కి దిగింది, అంటే 90 అడుగులు, దాదాపు 585 లీటర్ల నిల్వ. 24 నిమిషాల్లో మోటారు లాగినది 700 లీటర్లకు కాస్త తక్కువ. రెండింటి మధ్య తేడా, అంటే నూరు లీటర్లకు పైన, ఆ కాసేపట్లో ఊరిన నీరు: నిమిషానికి నాలుగైదు లీటర్లు. తరువాత మూడు గంటల్లో 65 అడుగులు ఎక్కింది, అది 420 లీటర్లు. మట్టం పైకి వచ్చేకొద్దీ ఊట నెమ్మదిస్తుంది గనుక సగటు నిమిషానికి రెండుంబావు లీటర్ల దగ్గరికి తగ్గింది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే అయినా నిర్ణయానికి సరిపోతాయి.

ఇప్పుడు అవసరం చూద్దాము. పట్టణాల నీటి సరఫరాకు మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు, అయిదుగురికి 675. మీ బోరు ఈ ఎండల్లో కూడా దానికన్నా ఎక్కువే ఇవ్వగలదు, కాని ఒక్క గుక్కలో ఇవ్వలేదు. ఉదయం 18 నిమిషాలు, మధ్యాహ్నం 11, సాయంత్రం 11 నిమిషాలు, మధ్యలో మూడేసి గంటలకు తగ్గని విరామంతో నడిపితే పంపు పైన ఎప్పుడూ ఇరవై అడుగుల నీరు మిగులుతుంది, మీకు వెయ్యి లీటర్లు వస్తాయి. గేట్ వాల్వ్‌ను కొంత మూసి ధారను తగ్గించుకుని ఎక్కువసేపు నడపడం కూడా ఒక మార్గమే. పూర్తిగా మాత్రం ఎప్పుడూ మూయకూడదు.

మోటారును ఇంకా కిందికి దించాలన్న ఆలోచన వస్తే, 290 అడుగులకు దించితే కలిసివచ్చేది 195 లీటర్ల నిల్వ మాత్రమేనని గుర్తుంచుకోండి, ఊట పెరగదు. కొత్త బోరు వేయించమని సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, అదే రాతిలో మీ బోరు పక్కనే మరొకటి వేస్తే రెండూ ఒకే పగులు నీటిని పంచుకునే అవకాశం ఉంది. మీ అంకెలు చూశాక నేనైతే ఆ ఖర్చు పెట్టను. డాబా నీటిని ఇంకుడుగుంతకు మళ్లించడానికి ఆ డబ్బులో చిన్న భాగం చాలు.

రివైండింగ్ పనివాడు, కరీంనగర్:

మట్టం సంగతి ఆయన తేల్చారు. మిగిలినవి రెండు. రన్నింగ్ కండెన్సర్ 50 ఉండవలసిన చోట 36కు పడిపోయింది గనుకనే ముల్లు పదిన్నర చూపుతోంది. సాయంత్రం 190 వోల్టులు దానికి తోడైనప్పుడు ట్రిప్ అవుతోంది. ట్రిప్ కావడం మీ మోటారును కాపాడింది. అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజీ రేటింగు ఉన్న కొత్తది వేయించండి. ఎక్కువ మైక్రోఫారడ్ వేస్తే ఎక్కువ బలమని చెప్పేవారి మాట వినవద్దు, దానివల్ల స్టార్టింగ్ వైండింగ్ వేడెక్కుతుంది.

రెండవది నాన్ రిటర్న్ వాల్వ్. పావుగంటకు ఇరవై సెకన్లు, రాత్రికి ఒకటిన్నర నిమిషం ఆలస్యమంటే అది మెల్లగా కారుతోందని మీ కాగితమే చెబుతోంది. దీనికోసం ఈ ఎండల్లో మోటారును లేపవద్దు. అలాగని ఏళ్ల తరబడి వదిలేయవద్దు కూడా. వాల్వ్ పూర్తిగా పోతే ఆపిన ప్రతిసారీ నీరు వేగంగా కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతుంది, ఆ సమయంలో ఎవరైనా బటన్ నొక్కితే షాఫ్టు, కప్లింగ్ విరుగుతాయి. అందుకే ఇప్పటినుంచే ఆపిన తరువాత అయిదు నిమిషాలైనా ఆగకుండా మళ్లీ వేయవద్దు. వానలు పడి మట్టం పెరిగాక తీరికగా తీయించి వాల్వ్ మార్చండి. తీసిన రోజు పంపు జాలీ శుభ్రం చేయించి, నీళ్లతో నింపే రకం మోటారైతే మంచినీళ్లు నింపి, నీటిలో మునిగే కేబుల్ జాయింటును కొత్తగా వేయించి, నైలాన్ తాడు మార్చి దించండి. ఆ రాత్రికి పని మిగిలిపోతే బోరు నోరు తెరిచి వదలవద్దు. పాప ఉన్న ఇల్లు అని రాశారు గనుక మరీ గట్టిగా చెబుతున్నాను.

నీళ్లు తగ్గితే తనంతట తాను ఆపే డ్రై రన్ రక్షణ పరికరం ఒకటి స్టార్టర్‌కు పెట్టించండి. ఆంపియర్లు తగ్గడాన్ని పట్టుకుని అది మోటారును ఆపుతుంది. కరెంటు రాగానే తనంతట తానే మోటారు వేసే ఆటో స్టార్టర్ ఉంటే వేసవి మూడు నెలలూ దాన్ని తీసి ఉంచండి.

కోనసీమ రైతు, అమలాపురం వైపు:

ఇది చదువుతుంటే మా ఇంటి నుయ్యి గుర్తుకొచ్చింది. మా వైపు నీళ్లు పైనే ఉంటాయి, నూతి గట్టు మీద పెట్టే మోనోబ్లాక్ (పంపు, మోటారు ఒకటిగా ఉండే) మోటార్లే ఎక్కువ. వాటి జబ్బులు వేరు. సబ్‌మెర్సిబుల్ నీటిని కిందినుంచి నెడుతుంది, గట్టు మీది మోటారు పైనుంచి పీలుస్తుంది. పీల్చడానికి హద్దు ఉంది: గాలి బరువే నీటిని పైకి నెట్టాలి గనుక లెక్క ప్రకారం 10 మీటర్లు, వాస్తవంలో 6, 7 మీటర్లకు మించి ఏ పంపూ పీల్చలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక నూతిలో నీళ్లు దిగిపోయి ఈ హద్దు దాటితే, మోటారు బాగున్నా నీళ్లు ఎక్కవు. అప్పుడు చేయవలసింది మోటారును నూతి లోపల మెట్టు కట్టి కిందికి దింపడం. పెద్ద హెచ్‌పీ కొనడం వల్ల ఒక్క చుక్క కూడా అదనంగా రాదు.

మాకు తరచుగా వచ్చే తంటా ఫుట్ వాల్వ్, అంటే పీల్చే పైపు అడుగున నీటిని జారిపోనివ్వని వాల్వ్. రోజూ నీళ్లు పోసి పంపు నింపితే తప్ప ఎత్తడం లేదంటే ఫుట్ వాల్వ్ తోలు అరిగిందనో, అందులో ఆకో పుల్లో ఇరుక్కుందనో అర్థం. నీళ్లు నింపినా, నూతిలో నీళ్లున్నా, ధారలో గాలి బుడగలు వస్తుంటే పీల్చే పైపు అతుకుల్లో ఎక్కడో గాలి దూరుతోంది. ఆ చిల్లు బయటికి కారదు గనుక కంటికి కనిపించదు. మోటారు నడుస్తుండగా ఒక్కో అతుకు మీద సబ్బు నురుగు రాసి చూడండి, నురుగు లోపలికి లాక్కున్న చోట తంటా ఉంటుంది. పంపు, మోటారు మధ్య నుంచి నీరు బొట్లు బొట్లుగా కారితే సీలు మార్చాలి. ఆలస్యం చేస్తే ఆ నీరు బేరింగులోకి పోయి, అక్కడినుంచి వైండింగు దాకా వెళ్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లవారికి ఒక మాట: ఎక్కువసేపు తోడిన తరువాత నీరు ఉప్పగా మారితే అది పంపు దోషం కాదు, అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తోంది. వెంటనే ఆపి, తక్కువ తక్కువగా తోడుకోవాలి.

అనంతపురం గృహిణి:

పెద్దలకు నమస్కారం. మా బోరు నీళ్లు బాగానే పోస్తోంది, ముల్లు కూడా ఎప్పటిలాగే ఉంది. కాని వారం రోజులుగా మోటారు నడుస్తున్నప్పుడు బోరు దగ్గరి ఇనుప పైపును తడి చేత్తో తాకితే చేయి జిల్లుమంటోంది. ఇంట్లోవాళ్లు చెప్పులు వేసుకుని ముట్టుకోమంటున్నారు. ఇది ప్రమాదమా?

రివైండింగ్ పనివాడు, కరీంనగర్:

అమ్మా, ఇది ఈ చర్చలో వచ్చినవాటన్నింటిలోకీ ప్రమాదమైనది. చూసేదాకా ఆ మోటారును వేయకండి, మెయిన్ ఆపి ఉంచండి, పిల్లలను అటు వెళ్లనివ్వకండి. కేబుల్ తోలు ఊడి గాని, నీటిలోని జాయింటు తడిసి గాని, వైండింగ్ ఇన్సులేషన్ బలహీనపడి గాని కరెంటు నీటిలోకీ పైపులోకీ వస్తోంది. మోటారు నడుస్తున్నంత మాత్రాన బాగున్నట్లు కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, స్టార్టర్ దగ్గర మూడు తీగలూ విప్పించి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ బలాన్ని కొలిచే మీటరుతో) ఒక్కో తీగకూ భూమికీ మధ్య కొలిపించండి. ఒక మెగాఓమ్‌కు తక్కువ చూపితే మోటారును పైకి తీయవలసిందే. ఇక్కడ మాత్రం నేను ఆగమని చెప్పను. ఎర్త్ గుంతలో తీగ తెగిందేమో చూసి బాగు చేయించండి, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద పడిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) ఒకటి పెట్టించండి. చెప్పులు దీనికి వైద్యం కావు.

సిద్దిపేట వాసి:

రెండు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. రన్నింగ్ కండెన్సర్ మార్పించిన రోజు నుంచి ముల్లు 9 దాటి కొద్దిగా పైన నిలుస్తోంది. సాయంత్రం వోల్టేజీ తక్కువగా ఉన్నప్పుడు కూడా ఇంతవరకు ట్రిప్ కాలేదు. డ్రై రన్ పరికరం పెట్టించాము. ఉదయం 18 నిమిషాలు, తక్కిన రెండు పూటలా 11 నిమిషాల చొప్పున నాన్నగారే గడియారం చూసి వేస్తున్నారు. ధార ఒక్కసారి కూడా తెగలేదు, రోజు చివరికి ట్యాంకు నిండుతోంది. ప్రతి ఆదివారం ఉదయం మట్టం కొలుస్తున్నాము: మొదటి వారం 170, తరువాత 173, నిన్న 175. వానలు మొదలయ్యేలోగా ఇది 190 దాటితే ఉదయం పూట నిమిషాలను మళ్లీ లెక్క వేసి తగ్గిస్తాము. నాన్ రిటర్న్ వాల్వ్ పని ఆగస్టుకు పెట్టుకున్నాము. అనంతపురం నుంచి రాసిన అమ్మగారు మెగ్గర్ పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.

అనంతపురం గృహిణి:

నిన్ననే చూపించాము. ఒక తీగ దగ్గర మెగ్గర్ దాదాపు సున్నా చూపింది. ఈ ఉదయం మోటారు పైకి తీశారు; మోటారుకు రెండడుగుల పైన ఉన్న జాయింటు టేపు ఊడి రాగి బయటపడి ఉంది. వైండింగ్ విడిగా కొలిస్తే బాగానే ఉంది. జాయింటు కొత్తగా వేసి, బకెట్టు నీళ్లలో ముంచి మళ్లీ కొలిచిన తరువాతే దించమని చెప్పాను.